పోర్టల్ సిర మూసుకుపోయిన యువకుడికి కామెర్లు: ముందు స్టెంటా, షంటా?

పాలమూరు_తండ్రి

సభ్యులందరికీ నమస్కారం. మా అబ్బాయికి ఇప్పుడు 21 ఏళ్లు. ఏడో ఏట రక్తపు వాంతులు అయినప్పుడు, కాలేయానికి వెళ్లే పోర్టల్ సిర మూసుకుపోయిందనీ, దాని వల్ల అన్నవాహికలో సిరలు ఉబ్బాయనీ చెప్పి విడతలు విడతలుగా బ్యాండ్లు వేశారు. ఆ తర్వాత మళ్లీ రక్తం పడలేదు. ప్లీహం పెద్దదిగా ఉంది కాబట్టి ఆటల్లో పొట్టకు దెబ్బ తగలకుండా చూసుకోమన్నారు. అంతకు మించి ఇన్నేళ్లూ ఏ ఇబ్బందీ లేదు.

ఈ మధ్య రాత్రిళ్లు నిద్ర పట్టనంతగా ఒళ్లంతా దురద మొదలైంది. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. పసరు మందు పోయించమని బంధువులు ఒత్తిడి చేసినా మేము పరీక్షలకే వెళ్లాం. బిలిరుబిన్ 4.2, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 780, ప్లేట్‌లెట్లు 62 వేలు వచ్చాయి. ఎమ్మార్సీపీ (పైత్యరస నాళాలను చూపే ఎమ్మారై స్కాన్) రిపోర్టులో ప్రధాన పైత్యరస నాళం మధ్యలో ఇరుకుగా ఉందనీ, పైన కాలేయంలోని నాళాలు ఉబ్బి ఉన్నాయనీ, నాళం చుట్టూ మందపాటి కణజాలం కనిపిస్తోంది కనుక క్యాన్సర్ కాదని నిర్ధారించుకోవాలనీ రాశారు. చూపించిన ఇద్దరు వైద్యుల్లో ఒకరు వెంటనే ఈఆర్‌సీపీ (నోటి గుండా గొట్టం పంపి పైత్యరస నాళంలోకి వెళ్లే పద్ధతి) చేసి స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేద్దామన్నారు. రెండోవారు ముందు ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. చిన్ననాటి సిర జబ్బుకూ ఈ కామెర్లకూ సంబంధం ఉందా అని అడిగితే ఇద్దరూ సూటిగా చెప్పలేదు. ఈ విషయంలో అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

రేడియాలజీ_ఓరుగల్లు

సంబంధం ఉందండీ, అది చాలా దగ్గరి సంబంధం. ఫిల్ములు చూడకుండా నిర్ధారణ చెప్పడం సరికాదు గాని, మీరు రాసిన వరుసను బట్టి మొదట ఆలోచించవలసింది పోర్టల్ కావెర్నోమా కొలాంజియోపతీ, అంటే మూసుకున్న పోర్టల్ సిర చుట్టూ ఏర్పడిన ఉబ్బిన సిరల గుత్తి (కావెర్నోమా) వల్ల పైత్యరస నాళాలు దెబ్బతినడం. రిపోర్టుల్లో దీన్నే పోర్టల్ బిలియోపతీ అని కూడా రాస్తారు. చండీగఢ్, ఢిల్లీ వైద్యులు 1992 ప్రాంతంలోనే దీన్ని విడిగా గుర్తించి వర్ణించారు. 2014లో భారత కాలేయ అధ్యయన సంఘం నిర్ధారణ నియమాలను ప్రచురించింది. వాటి ప్రకారం పోర్టల్ సిర స్థానంలో కావెర్నోమా ఉండాలి, పైత్యరస నాళాల చిత్రంలో తగిన మార్పులు కనబడాలి, అటువంటి మార్పులను తెచ్చే ఇతర కారణాలు లేవని తేలాలి. ఈ మూడో షరతు దగ్గరే మీ రిపోర్టులో క్యాన్సర్ మాట వచ్చింది.

పోర్టల్ సిర మూసుకున్నప్పుడు, కట్ట అడ్డం పడిన వాగు పక్క పొలాల గుండా దారి చేసుకున్నట్టుగా, రక్తం చుట్టుపక్కల ఉన్న సన్నని సిరల్లోంచి కాలేయానికి చేరుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సిరలు ఉబ్బి, మెలికలు తిరిగి ఒక గుత్తిగా తయారవుతాయి. అదే కావెర్నోమా. పైత్యరస నాళం ఆ గుత్తికి మధ్యలోనే ఉంటుంది కాబట్టి బయటి నుంచి నొక్కుకుపోతుంది.

ఇక స్కానుల సంగతి. మామూలు ఎమ్మార్సీపీ నిలకడగా ఉన్న ద్రవాన్నే తెల్లగా చూపిస్తుంది. నాళం గోడ ఎక్కడెక్కడ లోపలికి నొక్కుకుందో, అంచు ఎక్కడ అలలు అలలుగా ఉందో అందులో చక్కగా తెలుస్తుంది, కానీ నొక్కుతున్నది ఏమిటో తెలియదు. అందుకే ఇటువంటివారికి అదే విడతలో కాంట్రాస్ట్ (రక్తంలోకి ఎక్కించే, చిత్రంలో వెలిగే మందు) ఇచ్చి పోర్టల్ సిరల చిత్రాలు కూడా తీయాలి. నాళం చుట్టూ కనిపించిన మందపాటి కణజాలం పోర్టల్ దశలో, అంటే కాంట్రాస్ట్ పోర్టల్ సిరలకు చేరే సమయంలో, సిరలతో పాటు వెలిగితే, అది కావెర్నోమా అనుకోవడానికి బలం వస్తుంది. పైత్యరస నాళ క్యాన్సర్‌లో కాంట్రాస్ట్ చాలావరకు ఆలస్యంగా, నెమ్మదిగా నిలుస్తుంది. దీనికి తోడు ఉబ్బిన శోషరస గ్రంథులు, కాలేయంలో మచ్చలు ఉన్నాయా అన్నది కూడా చూస్తాం. కావెర్నోమా ఉన్నవారి నాళం క్యాన్సర్‌ను పోలి కనిపించడం ఎంత మామూలంటే, ఆ పోలికకు వైద్య సాహిత్యంలో విడిగా ఒక పేరే ఉంది.

డాప్లర్ (రక్తప్రవాహాన్ని చూపే) అల్ట్రాసౌండ్ తేలికైన పరీక్ష అని చిన్నచూపు చూడకండి. డాప్లర్ పెట్టకుండా చూస్తే కాలేయ ద్వారం దగ్గర మెలికలు తిరిగిన నల్లని గొట్టాలు కనిపిస్తాయి. అవి ఉబ్బిన పైత్యరస నాళాలని పొరబడే ప్రమాదం ఉంది. డాప్లర్ పెట్టగానే వాటిలో కదులుతున్న రక్తం బయటపడుతుంది. పిత్తాశయం గోడలో కూడా ఉబ్బిన సిరలు ఉన్నాయేమో అప్పుడే చూసి రాయించండి, ఎందుకంటే రేపు రాళ్ల కోసం ఎవరైనా పిత్తాశయం తీద్దామంటే ఆ ఒక్క వాక్యం చాలా పనికొస్తుంది.

పీజీ_రెండో_ఏడు

నాకు ఒక సందేహం ఉంది. సిరలు బయటి నుంచి నొక్కడమే కారణమైతే, ఆ సిరల్లోని పీడనం తగ్గించిన వెంటనే నాళం తెరుచుకోవాలి కదా. షంట్ (పేరుకున్న రక్తాన్ని వేరే సిరలోకి మళ్లించే) శస్త్రచికిత్స విజయవంతంగా జరిగినా కొందరిలో ఇరుకు అలాగే ఉండిపోతుందని చదివాను. అది ఎందుకు?

జీర్ణకోశ_వైద్యుడు

మంచి ప్రశ్న. చికిత్స వరుస అంతా దీని మీదే ఆధారపడి ఉంది. పైత్యరస నాళానికి రెండు సిరల వలలు ఉన్నాయి. 1932లో పెట్రెన్ వర్ణించినవి నాళానికి పక్కగా, సమాంతరంగా నడిచే కాస్త పెద్ద సిరలు. 1961లో సెయింట్ వర్ణించినది నాళం ఉపరితలాన్నే అంటిపెట్టుకున్న, ఒక మిల్లీమీటరు కూడా లేని సన్నని వల. పక్కనున్న పెద్ద సిరలు ఉబ్బితే నాళం బయటి నుంచి నొక్కుకుని వంకర తిరుగుతుంది. ఉపరితలం మీది సన్నని వల ఉబ్బితే నాళం లోపలి గోడ గరుకుగా, చిన్న చిన్న బొడిపెలతో కనిపిస్తుంది, ఒక్కోసారి లోపల రాయి ఉందేమోనన్న భ్రమ కూడా కలుగుతుంది. ఈ రెండూ పీడనం తగ్గితే చాలావరకు సర్దుకునేవే.

కానీ పోర్టల్ సిరలో గడ్డకట్టిన రక్తం నాళం గోడ నుంచి వచ్చే చిన్న సిరల దాకా పాకితే, లేదా ఏళ్ల తరబడి నొక్కుడు వల్ల గోడకు రక్తప్రసరణ సరిగా అందకపోతే, అక్కడ మచ్చకట్టి నార పెరుగుతుంది. ఆ ఇరుకు పీడనం తగ్గినా పోదు. ఒక రోగిలో రెండు రకాలూ కలిసి ఉండవచ్చు. ఏ భాగం ఎంత అన్నది ముందుగా ఏ స్కానూ ఖచ్చితంగా చెప్పలేదు, షంట్ తర్వాతే అది తేలుతుంది.

పాలమూరు తండ్రి గారికి ఒక మాట. ముక్క తీయడం, నాళం లోపల బ్రష్‌తో గీకడం వంటివి ఇప్పుడే చేయించవద్దని నా సలహా. నాళం గోడలోనే ఉబ్బిన సిరలు ఉన్నప్పుడు అవి తెగితే పైత్యరస నాళంలోకి రక్తం కారుతుంది. సీఏ 19-9 (క్యాన్సర్ సూచనగా చూసే రక్తపరీక్ష) పెరిగిందని ఎవరైనా భయపెడితే, నాళం అడ్డుపడినప్పుడు, అందులో చీము పట్టినప్పుడు క్యాన్సర్ లేకపోయినా అది పెరుగుతుందని గుర్తుంచుకోండి. కాంట్రాస్ట్ చిత్రాల తర్వాత కూడా సందేహం మిగిలితే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (నోటి గుండా గొట్టం పంపి లోపలి నుంచి చేసే అల్ట్రాసౌండ్) చేయించవచ్చు. నాళంలో కనిపిస్తున్నది రాయా, సిరా అన్నది డాప్లర్‌తో విడదీయడానికి దానికి మించినది లేదు.

నెల్లూరు_సభ్యురాలు

నాకు 34 ఏళ్లు, నాకూ చిన్నప్పటి నుంచి ఇదే పోర్టల్ సిర జబ్బు. దురద లేదు, జ్వరం లేదు, కామెర్లు ఎప్పుడూ రాలేదు, కాలేయ పరీక్షలన్నీ మామూలుగానే ఉన్నాయి. వేరే కారణానికి తీసిన ఎమ్మార్సీపీలో ఎడమ వైపు నాళాలు కొంచెం ఉబ్బి, ప్రధాన నాళం అంచు వంకరగా ఉందని రాశారు. ఒకచోట ముందు జాగ్రత్తగా స్టెంట్ వేయించుకోమన్నారు. వేయించుకోవాలా?

జీర్ణకోశ_వైద్యుడు

అవసరం లేదమ్మా. ఇటువంటి సిర జబ్బు ఉన్నవారిలో జాగ్రత్తగా చూస్తే 80 నుంచి 100 శాతం మందికి నాళాల చిత్రంలో ఏదో ఒక మార్పు కనిపిస్తుంది. లక్షణాలు వచ్చేది 5 నుంచి 38 శాతం మందికి మాత్రమే. ఎడమ నాళాలలో మార్పులు ఎక్కువగా ఉండడం కూడా ఈ జబ్బు స్వభావమే. చిత్రంలో కనబడినంత మాత్రాన చికిత్స చేయకూడదన్నది ఈ విషయంలో అందరూ అంగీకరించే కొద్ది సంగతుల్లో ఒకటి. శుభ్రంగా ఉన్న నాళంలోకి స్టెంట్ పంపితే మనమే సూక్ష్మక్రిములకు దారి తెరిచినట్టు అవుతుంది, ఆ తర్వాత దాన్ని మార్చుకుంటూ తిరగవలసి వస్తుంది. కాలేయ పరీక్షలు, అల్ట్రాసౌండ్ క్రమం తప్పకుండా చేయించుకుంటూ ఉండండి. చలితో జ్వరం, కుడి డొక్కలో నొప్పి, దురద, కళ్లు పచ్చబడడం, వీటిలో ఏది వచ్చినా ఆలస్యం చేయవద్దు. అన్నవాహిక సిరల పర్యవేక్షణ దీనికి వేరుగా ఎప్పటిలాగే జరగాలి.

సర్జికల్_గ్యాస్ట్రో_విశాఖ

పాలమూరు తండ్రి గారి ప్రశ్నకు వస్తాను. మీ అబ్బాయికి లక్షణాలు వచ్చాయి కాబట్టి చికిత్స తప్పదు. అడ్డం పడినది పైత్యరస నాళంలో కనిపిస్తున్నా, అసలు జబ్బు సిరల్లో ఉంది. కాబట్టి లెక్క సిరల దగ్గరే మొదలవ్వాలి. మన దగ్గర ఈ వయసువారికి ఎక్కువగా చేసేది ప్రాక్సిమల్ స్ప్లీనోరీనల్ షంట్. ప్లీహం తీసివేసి, దాని సిరను ఎడమ మూత్రపిండ సిరకు కలుపుతాం. పోర్టల్ వైపు పేరుకున్న రక్తానికి బయటికి దారి దొరుకుతుంది, కావెర్నోమా మీద ఒత్తిడి తగ్గుతుంది, ప్లీహం వల్ల పడిపోయిన ప్లేట్‌లెట్లు కూడా కోలుకుంటాయి. చాలామందిలో కామెర్లు, దురద దీనితోనే తగ్గుతాయి. ప్లీహాన్ని ఉంచి పక్కపక్కగా కలిపే పద్ధతి కూడా ఉంది, దాన్ని ఎంచుకోవడం సిరల తీరును బట్టి ఉంటుంది.

షంట్ వేసిన తర్వాత కొన్ని నెలలు ఆగి మళ్లీ పరీక్షలు చేస్తాం. షంట్ తెరిచే ఉన్నా ఇరుకు, కామెర్లు పోకపోతే అది మచ్చకట్టిన ఇరుకు అన్నమాట. అప్పుడు రెండో మెట్టుగా కాలేయ నాళాన్ని చిన్న పేగుకు కలుపుతాం. ఈ వరుసను తలకిందులు చేయడం చాలా ప్రమాదం. పీడనం తగ్గించకుండా నేరుగా పైత్యరస నాళం దగ్గరికి వెళితే ఏం జరుగుతుందో శస్త్రవైద్యులకు చెప్పనక్కరలేదు. కాలేయ ద్వారం దగ్గర పొర విప్పిన ప్రతిచోటా సన్నని సిరలు చిమ్ముతాయి, ఒకదానికి కుట్టు వేస్తే ఆ సూది పోటు నుంచే ఇంకొకటి మొదలవుతుంది, నాళం ఎక్కడుందో కూడా కనబడదు. అలా ఏమీ చేయలేక పొట్ట మూసి పంపిన రోగులు తర్వాత షంట్ కోసం వస్తుంటారు. రాళ్ల కోసం పిత్తాశయాన్ని లాప్రోస్కోపీలో తీయబోయినా ఇదే కథ.

ఇంకొక హెచ్చరిక. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నాయని షంట్ వేయకుండా ప్లీహం ఒక్కటే తీయడానికి ఒప్పుకోవద్దు. ప్లీహ సిర ఆ తర్వాత గడ్డకట్టి మూసుకుపోతే, షంట్‌కు పనికొచ్చే మంచి సిర చేజారిపోతుంది. ఈ నష్టం ఏళ్ల తర్వాత గాని తెలియదు.

జీర్ణకోశ_వైద్యుడు

విశాఖ సర్జన్ గారు చెప్పిన వరుసతో నేను ఏకీభవిస్తాను, కానీ స్టెంట్‌ను పూర్తిగా పక్కన పెట్టినట్టు పాఠకులకు అనిపించకూడదు. నాళంలో చీము పట్టి చలిజ్వరంతో వచ్చిన రోగిని షంట్ బల్ల మీదకు తీసుకువెళ్లలేం. రాళ్లు అడ్డుపడినవారికీ ముందు ఈఆర్‌సీపీయే దారి. రాళ్లు తీసేటప్పుడు బుట్టతో లాగడం కంటే బెలూన్‌తో మెల్లగా దించడం నయం, ఇరుకును వెడల్పు చేసేటప్పుడు కూడా తొందర పనికిరాదు. బెలూన్ కిందికి లాగుతుండగా పాపిల్లా (పైత్యరస నాళం పేగులోకి తెరుచుకునే చోటు) నుంచి పైత్యరసానికి బదులు ముదురు ఎర్రటి రక్తం చిమ్మిందంటే నాళంలోని సిర చిట్లినట్టే. చాలాసార్లు బెలూన్ ఉబ్బించి కాసేపు నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. ఆగకపోతే పూర్తిగా పొర కప్పిన లోహపు స్టెంట్ ఉంచి నొక్కవలసి వస్తుంది. అది దగ్గర లేని చోట, రక్తం ఎక్కించే వసతి లేని చోట ఈ రోగికి ఈఆర్‌సీపీ చేయించకండి.

ప్లాస్టిక్ స్టెంట్లు మూసుకుపోతాయి, మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి మార్చుకోవాలి. కబురు చేసినా రాని రోగి ఏడాది తర్వాత మూసుకున్న స్టెంట్‌తో, దాని మీద పేరుకున్న రాళ్లతో, తీవ్రమైన జ్వరంతో వస్తాడు. అందుకే నా దృష్టిలో ఇది షంట్ దాకా చేర్చే వంతెన. అయితే ఆ అవతలి గట్టు అందరికీ ఉండదు. ప్లీహ సిర, పేగుల నుంచి వచ్చే ఆంత్ర సిర కూడా గడ్డకట్టిపోయి, కలపడానికి ఒక్క సిర కూడా మిగలనివారు మన మధ్య ఉన్నారు. వారికి ఏళ్ల తరబడి స్టెంట్ మార్చుకోవడమే చికిత్స, ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం (పైత్యరసం సాఫీగా పారడానికి ఇచ్చే మందు) దానికి తోడు. కొన్ని పెద్ద కేంద్రాల్లో చర్మం గుండా సూది పంపి మూసుకున్న సిరను తిరిగి తెరిచే ప్రయత్నాలు జరుగుతున్నాయి, ఎంపిక చేసిన కొద్దిమందికే అది కుదురుతుంది. కాలేయ మార్పిడి చివరి మాట. కలపడానికి సిర లేనివారిలో అది కూడా తేలిక కాదు.

సర్జికల్_గ్యాస్ట్రో_విశాఖ

అంగీకరిస్తున్నాను. నా అభ్యంతరం ఒక్కటే. సిరలు కలపడానికి పనికొస్తాయా లేదా అని ఎవరూ చూడకుండానే రోగిని ఏళ్ల తరబడి స్టెంట్ల మీద నడిపించడం చాలాచోట్ల జరుగుతోంది. ఆ ప్రశ్నకు జవాబు మొదటి స్టెంట్ రోజునే తెలిసి ఉండాలి.

చిన్నపిల్లల_కాలేయం

ఈ అబ్బాయికి వర్తించకపోయినా, చదువుతున్న తల్లిదండ్రుల కోసం ఒక మాట రాస్తున్నాను. పిల్లల్లో ఈ సిర మూసుకుపోవడానికి పుట్టినప్పుడు బొడ్డుకు చీము పట్టడం, బొడ్డు సిరలో గొట్టం వేయడం వంటివి కొందరిలో కారణాలు, చాలామందిలో ఏ కారణమూ దొరకదు. కాలేయం లోపలి ఎడమ పోర్టల్ సిర తెరిచి ఉన్న పిల్లలకు మీసో-రెక్స్ బైపాస్ అనే మార్గం ఉంది. 1990లలో బెల్జియం శస్త్రవైద్యుల చేతుల మీదుగా వచ్చిన ఈ పద్ధతిలో, సాధారణంగా పిల్లవాడి మెడలోని సిరనే తీసి, పేగుల నుంచి వచ్చే పెద్ద సిరను కాలేయం లోపలి ఎడమ పోర్టల్ సిరకు కలుపుతారు. స్ప్లీనోరీనల్ షంట్ రక్తాన్ని కాలేయం పక్కనుంచి మళ్లిస్తుంది, ఇది కాలేయానికే తిరిగి చేరుస్తుంది. కాబట్టి రక్తపు వాంతులు తగ్గిన బిడ్డను బ్యాండ్లు పూర్తయ్యాయని వదిలేయకుండా, ఈ బైపాస్‌కు తగినవాడా అని ఒకసారి పెద్ద కేంద్రంలో చూపించండి. కామెర్లు సాధారణంగా ఎన్నో ఏళ్ల తర్వాత, యవ్వనంలో బయటపడతాయి, అప్పటికి ఈ అవకాశం చాలామందిలో మిగలదు.

పాలమూరు_తండ్రి

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే కాంట్రాస్ట్‌తో సిరల చిత్రాలు తీయించాం. నాళం చుట్టూ ఉన్నది కావెర్నోమాయేననీ, గడ్డ ఏదీ లేదనీ, ప్లీహ సిర, ఎడమ మూత్రపిండ సిర రెండూ బాగా తెరిచి ఉన్నాయనీ రాశారు. నాళంలో రాళ్లు లేవు. ఈలోగా ఒక రాత్రి చలిజ్వరం రావడంతో ఆసుపత్రిలో చేర్చి, యాంటీబయాటిక్స్ ఇచ్చి ఒక ప్లాస్టిక్ స్టెంట్ వేశారు. రక్తం కారలేదు, దురద సగానికి తగ్గింది. అక్కడి సర్జన్ షంట్‌కు సిద్ధంగా ఉన్నారు. ఇప్పుడు మేము అడగవలసినవి, చేసుకోవలసినవి ఏమిటి? మాకు ఆరోగ్యశ్రీ కార్డు ఉంది.

సర్జికల్_గ్యాస్ట్రో_విశాఖ

మంచి వార్త. కార్డు విషయం ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. శస్త్రచికిత్స పేరు, ప్లీహం తీస్తారా లేదా అన్నది డాక్టరు గారి చేత స్పష్టంగా రాయించుకుని వెళ్తే అనుమతికి తిరగవలసిన పని తగ్గుతుంది.

ప్లీహం తీసేటట్లయితే న్యూమోకోకస్, మెనింగోకోకస్, హిబ్ టీకాలు శస్త్రచికిత్సకు కనీసం రెండు వారాల ముందు పడాలి. అవి పడ్డాయా అని మీరే గుర్తు చేయండి. కామెర్లు చాలాకాలం ఉన్నవారిలో విటమిన్ కె సరిగా ఒంటికి పట్టక రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతుంది, పీటీ ఐఎన్ఆర్ పరీక్ష చేసి అవసరమైతే ఇంజెక్షన్ ఇస్తారు. రక్తం త్వరగా గడ్డకట్టే స్వభావం ఉందేమో చూసే పరీక్షలు, జాక్2 అనే జన్యు పరీక్షతో సహా, చిన్నప్పుడు చేసి ఉండకపోతే ఇప్పుడు చేయించండి, ఎందుకంటే కొత్తగా వేసిన షంట్ మూసుకుపోకుండా ఏ మందు ఎంతకాలం వాడాలన్నది వాటి ఫలితాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు వేసిన స్టెంట్ తేదీ ఒక కాగితం మీద రాసి ఫైలు ముందు అంటించండి. షంట్ జరిగింది కదా, అబ్బాయి బాగున్నాడు కదా అని దాన్ని మరచిపోయేవారే ఎక్కువ. షంట్ తర్వాత డాప్లర్‌లో ప్రవాహం బాగుందని తేలి, కాలేయ పరీక్షలు మెరుగుపడితే స్టెంట్ తీసి చూస్తారు. తీసిన తర్వాత ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మళ్లీ ఎగబాకితే రెండో మెట్టు గురించి మాట్లాడుకోవాలి. జీవితాంతం ఏ జ్వరం వచ్చినా, ప్లీహం లేదన్న సంగతి చూసే వైద్యుడికి మొదటి మాటగా చెప్పమని అబ్బాయికి ఇప్పుడే నేర్పండి.

రేడియాలజీ_ఓరుగల్లు

షంట్ తర్వాత మొదటి డాప్లర్‌కు వెళ్లేటప్పుడు సర్జన్ గారి ఆపరేషన్ నోట్స్ నకలు వెంట తీసుకువెళ్లండి. ఏ సిరను దేనికి, ఏ వైపు కలిపారో తెలియకుండా పేగుల్లోని గాలి వెనక షంట్‌ను వెతకడం చాలా కష్టం. కనబడలేదన్నంత మాత్రాన మూసుకుపోయిందని రాయకూడదు, అటువంటప్పుడు సీటీలో చూసి తేల్చుకోవాలి. పరగడుపున వెళ్తే చూడడం సులువవుతుంది.